అయ్యగారు వేలెత్తలేదు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో ఒక వీరుడున్నాడు. ఆ వీరుడి ఒంట్లోనే కాపురం పెట్టిన శత్రువున్నాడు. నిప్పు లేకుండా కాల్చే ఆయుధముంది. శంఖారావానికి బదులు నాదస్వరముంది. చివర్లో, అలాంటివి కావాలనేవాళ్ళకు, స్వర్గారోహణం కూడా ఉంది.

అంతా అబద్ధం. ఇది మా మామ ఎడమ కిడ్నీ సంగతి. వీరుడు మా అమ్మకు తమ్ముడు. ఆయుధం తిరుపతిలో ఒక ఆసుపత్రి కింది అంతస్తులో, చలి పుట్టించే ఏసీ గదిలో ఉండే యంత్రం. ఆ యంత్రానికీ మాకూ మధ్య రోజూ సగం పూట ఎదురుచూపు. కావ్యంలో ఎదురుచూపుకు ఒక పద్యం చాలు. ఆసుపత్రిలో ప్లాస్టిక్ కుర్చీ కావాలి, అదీ దొరికితే.

మామ పోయి ఏడాది కావస్తోంది. పోయినవారం తిరుచానూరులో స్నేహితుడి పెళ్ళికి పోయాను. మేళగాళ్ళు లేరు. అలంకరణ కాంట్రాక్టు తీసుకున్న మనిషి ఫోన్‌ను స్పీకరుకు తగిలించి కూర్చున్నాడు. తాళి కట్టే వేళకు అయ్యగారు "గట్టిమేళం, గట్టిమేళం" అని వేలెత్తి ఆడించాడు. ఈయన ఫోన్ నొక్కాడు. స్పీకరులోంచి ఒక ఆడగొంతు, "మోకాళ్ళ నొప్పులతో బాధపడుతున్నారా?" అని మండపమంతా అదిరేలా అడిగింది.

ముందు వరసలో ఉన్న పెండ్లికూతురి అవ్వ, "అవును తల్లీ, శానా కాలంగా" అంది.

నూనె ప్రకటన అయిపోయేసరికి తాళి కట్టడం కూడా అయిపోయింది. అందరూ నవ్వారు. నవ్వించడం నా పని, నవ్వడం నా అలవాటు. కానీ ఆ పూట భోజనంలో పాయసం వద్దన్నాను. ఎందుకో మీకు చెప్పాలంటే ముందు గట్టిమేళం అంటే ఏమిటో చెప్పాలి.

తాళి ముడి పడేటప్పుడు డోలూ నాదస్వరమూ ఒక్కసారిగా జోరెత్తుతాయి. ఆ ఘడియలో ఎవరో తుమ్ముతారు, ఎవరో ఏడుస్తారు, ఎవరో వెనకనుంచి "సాంబారు మాడినాదంట" అంటారు. అవేవీ వధూవరుల చెవిన పడకూడదు. అంత గోలలో చెడ్డమాట దారి తప్పిపోతుందని మనవాళ్ళ నమ్మకం. మా మామ నాదస్వర విద్వాంసుడు. జీవితమంతా ఆయన చేసిన పని అదే, పక్కవాడి తుమ్ము పెండ్లికూతురికి వినపడకుండా చూడడం.

ముహూర్తం దగ్గర పడగానే మామ నాదస్వరం కొసన గుచ్చే రెల్లు పీకను పెదవుల మధ్య పెట్టుకుని, రొమ్ము నిండా గాలి పట్టి, అయ్యగారి చూపుడువేలికేసి చూసేవాడు. కదలడు, మెదలడు, రెప్ప వేయడు. వేలు లేచిందా, మేళం లేచింది. అట్లా వేలికేసి చూసి చూసి, ఆ వేలును తన చేతికే తగిలించుకున్నాడు. ఇంట్లో ఎవరైనా చెడ్డమాట ఎత్తుకోగానే మామ చూపుడువేలు పైకి లేచేది, బుగ్గలు ఉబ్బేవి, నోటితోనే "పీం పీం పిపిపీం" అని గట్టిమేళం మొదలయ్యేది.

ఫలానా ఆయన పోయినాడంట అంటే గట్టిమేళం. టీవీలో తుఫాను హెచ్చరికకు గట్టిమేళం. నేను ఇంటర్ తప్పిన రోజు ఆయన ఇంట్లోనే ఉన్నాను. మా నాయనకు ఫోన్ చేసి, "నాయనా, నేను ఇంటర్..." అన్నానో లేదో పక్కన మేళం పట్టుకుంది. మా నాయనకు "ఇంటర్" వినపడింది, "తప్పినాను" వినపడలేదు, వెనక మంగళవాద్యం మాత్రం బాగా వినపడింది. సాయంత్రానికి వీధంతా మిఠాయి పంచేశాడు. తర్వాత నాకు జరిగిన మర్యాద ఇక్కడ అప్రస్తుతం.

మాటల విషయంలో కూడా మామ అంతే. బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. ఇది అన్ని ఊళ్ళలోనూ ఉన్న మర్యాదే. కానీ మా ఊళ్ళో దీనితో ఒక తిరకాసుంది. తిరుపతిలో కొండెక్కడమంటే తిరుమలకు పోవడం. ఒకసారి కార్తీక మాసంలో దేవుడి గూట్లో దీపం ఆరిపోతే మా అత్త, "కొండెక్కినాదయ్యా" అని వంటింట్లోంచి కేకేసింది. వరండాలో నిద్రపోతున్న మామ ఉలిక్కిపడి లేచి, "ఎవురు? టికెట్టు దొరికినాదా?" అన్నాడు.

"దీపం," అంది అత్త.

"దానికి క్యూ ఉండదు," అని మళ్ళీ పడుకున్నాడు.

నేను తిరుపతిలో ఫ్లెక్సీలు వేసే కొట్టు నడుపుతాను. పెళ్ళి, పుష్పవతి, పుట్టినరోజు, శ్రద్ధాంజలి, అన్నిటికీ ఒకే పూలదండ, రంగు మారుస్తాం. అమ్మానాయనా సూళ్ళూరుపేటలో ఉంటారు. నేను తిరుచానూరులో మామ ఇంట్లోనే తిని, ఆయన్నే వెక్కిరిస్తూ పెరిగాను. మేనమామను వెక్కిరించే హక్కు మేనల్లుడికి పుట్టుకతో వస్తుంది, దానికి దరఖాస్తు అక్కర్లేదు.

పోయినప్పుడు శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఆయన ఫోటో వెతికితే ఒక్కటీ పనికి రాలేదు. అన్నిట్లోనూ బుగ్గలు ఉబ్బే ఉన్నాయి. నాదస్వరాన్ని కత్తిరించి చూస్తే, రెండు లడ్డూలు ఒకేసారి నోట్లో కుక్కుకుని దొరికిపోయిన మనిషిలా ఉన్నాడు. చివరికి ఆధార్ కార్డు ఫోటో పెట్టాను. అందులో బుగ్గలు మామూలుగా ఉన్నాయి, మామ లేడు.

కథ మొదట్లో ఆయన మూత్రం ఎర్రగా పోయింది. మామ ఎవరికీ చెప్పలేదు. తెలిసినాక అత్త అడిగితే, "వేడి చేసినాది" అన్నాడు. మా వైపు మనిషికి ఏమొచ్చినా ముందు వేడి చేస్తుంది. సబ్జా గింజలు తాగాడు, బార్లీ గంజి తాగాడు, లేత టెంకాయలు తాగాడు. ఎండాకాలమంతా తిరుపతిలో ఆయనంత చల్లని మనిషి ఇంకొకడు లేడు. వేడి మాత్రం తగ్గలేదు.

ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయినాక క్యాన్సర్ డాక్టరు మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు. కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"చూడండి, స్కాన్‌లో కనిపిస్తున్నది మామూలు గడ్డ కాదు. ఇది క్యా..."

మామ చూపుడువేలు లేచింది.

తలుపు దగ్గరున్న నర్సు వెంటనే, "ఒంటేలుకా పెద్దాయనా? ఆ చివర, కుడి పక్క. తలుపు గట్టిగా తొయ్యాల," అంది.

మామ బుగ్గలు అప్పటికే ఉబ్బి ఉన్నాయి. డాక్టరు వంక చూశాడు, నర్సు వంక చూశాడు. ఇంతమంది చదువుకున్నవాళ్ళ ముందర గట్టిమేళం సంగతి వివరించే కన్నా ఒంటేలుకు పోవడమే మర్యాద అనుకున్నట్టున్నాడు. బుగ్గల్లో గాలితోనే లేచి వెళ్ళిపోయాడు. ఆయన అటు పోగానే డాక్టరు ఆ మాట పూర్తి చేశాడు. మా అత్త ఒళ్ళోని వైరు బుట్ట చెవులు రెండూ దగ్గరికి లాక్కుని, మెల్లగా ముడేసింది.

ఎడమ కిడ్నీలో గడ్డ. అక్కడినుంచి ఊపిరితిత్తుల్లోకి కొన్ని మచ్చలు పోయాయి.

మామ తిరిగొచ్చి కూర్చుని, "అయినాదా సార్ ముహూర్తం?" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు సెలైన్‌లాంటి మందు ఎక్కించారు. రోగంతో పోరాడే శక్తిని ఒంట్లోనే లేపే మందు అన్నారు. అది శక్తిని లేపిందో లేదో గాని మామను మాత్రం పడుకోబెట్టింది. మనిషి మెట్లెక్కుతూ మధ్యలో ఆగి గోడను పలకరించడం మొదలుపెట్టాడు. అప్పుడు డాక్టరు కొత్త ఆలోచన చెప్పాడు. ముందు కిడ్నీలోని గడ్డకే గురిపెట్టి రేడియేషన్ ఇస్తారు. నెలల తరబడి కాదు, కొద్ది రోజులే, కాని ఒక్కొక్క రోజు గట్టి దెబ్బ. కొన్ని వారాలు ఆగి ఆపరేషన్ చేసి ఆ కిడ్నీని తీసేస్తారు.

మామ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఒక మాట అడగొచ్చునా సార్? తీసేసే కిడ్నీని కాల్చేదెందుకు? కూల్చే గోడకు ఎవురైనా సున్నం కొడతారా?"

నేను నవ్వబోయాను. డాక్టరు నవ్వలేదు. "మంచి ప్రశ్న. మా వాళ్ళే ఇంకా దీనిమీద వాదించుకుంటున్నారు," అన్నాడు. తర్వాత విడమరిచి చెప్పాడు. గడ్డను రేడియేషన్‌తో కొడితే అందులోని కణాలు చచ్చి చెల్లాచెదురవుతాయి. ఆ శిథిలాలను చూసి ఒంట్లోని రక్షణ కణాలు, ఓహో దొంగ ఇలా ఉంటాడా అని ఆనవాలు పడతాయి. మందు తోడుంటే, ఊపిరితిత్తుల్లో దాక్కున్న వాళ్ళను కూడా పట్టవచ్చునని ఆశ. గడ్డ చచ్చుబడితే కోయడం కూడా కొంత సులువు కావచ్చు. "కావచ్చు అంటున్నాను. అవుతుందని అనడం లేదు. ఇది అందరికీ చేసేది కాదు, ఇంకా పరీక్షించి చూస్తున్న పద్ధతి. మీకు పనికొస్తుందని మా అందరి అభిప్రాయం. ఇష్టం లేకపోతే వద్దనండి, వేరే దారి చూద్దాం."

"అంటే ముందు ఆలాపన, తర్వాత కీర్తన," అన్నాడు మామ.

"అలాగే అనుకోండి. ఇంతకీ ఈ వైద్యంతో మీకు ఏం కావాలి? ఏది దక్కితే చాలనుకుంటున్నారు?"

నూరేళ్ళు బతకాలంటాడని నేను అనుకున్నాను. మామ తన చేతివేళ్ళ వంక చూసుకున్నాడు.

"ఒక్క ముహూర్తం వాయించాల సార్. వేలు లేచిన కాడి నుంచీ మూడో ముడి పడేదాకా దమ్ము తెగకూడదు. ఈ మధ్య తెగిపోతా ఉండాది. మొన్న చంద్రగిరిలో రెండో ముడికే తెగినాది. డోలాయన కమ్మేసినాడు గాని, నాకు తెలుసు గదా."

అత్త ఆ మాట మొదటిసారి వింటోంది. "నాకు చెప్పలేదే?" అంది.

"చెడ్డమాట గదా," అన్నాడు.

ఆ రాత్రి ఫోన్లో సంగతి విని మా అమ్మ ఏడ్చి, ముక్కు తుడుచుకుని, తమ్ముడి తరఫున మొక్కేసింది. ఆపరేషన్ అయి లేచి తిరిగితే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతాడని. మోకాళ్ళు ఆయనవి, మొక్కు ఈమెది. మా వంశంలో మొక్కులన్నీ ఇలాగే వేరేవాళ్ళ కాళ్ళ మీద కట్టబడ్డాయి.

రేడియేషన్‌కు ముందు రిహార్సలు ఉంటుంది. రోజూ కదలకుండా ఒకేలా పడుకోవడానికి, మామను ఒక సంచి మీద పడుకోబెట్టి అందులో ఆయన వీపు అచ్చు తీశారు. వినాయక చవితి బొమ్మకు అచ్చు తీసినట్టు ఉందన్నాడు. పొట్ట మీద సిరా గుర్తులు పెట్టారు. అసలు చిక్కు ఊపిరి దగ్గర వచ్చింది. మనం ఊపిరి తీస్తే కిడ్నీ కూడా కిందికీ పైకీ కదులుతుందట. కిరణం గురి తప్పితే పక్కనున్న పేగుకు తగులుతుంది. అందుకని కిరణం పడేంతసేపూ ఊపిరి బిగబట్టి ఉండాలి. లోపల రోగి ఒక్కడే. బయట తెర ముందు కూర్చుని మైకులో చెప్పేది టెక్నీషియన్ అమ్మాయి. చంద్రగిరి పిల్ల, చురుకైనది, మామకు అప్పుడే ఇష్టమైపోయింది.

"పెద్దాయనా, ఊపిరి బాగా పీల్చుకోండి. ఆ... బిగపట్టండి."

మామ బిగబట్టాడు. బుగ్గలు రెండూ ఉబ్బాయి, మనిషి రాయిలా ఉన్నాడు. తెర మీద ఆయన ఊపిరిని చూపించే గీత మాత్రం కలంకారీ చీర అంచులా వంపులు తిరుగుతోంది.

"పెద్దాయనా, ఊపిరి తీస్తా ఉండారు."

"లేదు తల్లీ, పట్టే ఉండాను."

"మాట్లాడినారంటే తీసినట్టే గదా!"

ఇంకోసారి, ఇంకోసారి. గీత వంపులు తిరుగుతూనే ఉంది. చివరికి నాకు వెలిగింది. నాదస్వరం వాయించేవాడికి పాట మధ్యలో ఊపిరి కోసం ఆగే హక్కు లేదు. బుగ్గల్లో దాచుకున్న గాలిని ఊదుతూ, అదే సమయంలో ముక్కుతో కొత్త గాలి లాక్కోవాలి. మామకు అది నడకంత అలవాటు. బిగబట్టమంటే బుగ్గలు నింపి, ముక్కు తలుపు తెరిచి పెడుతున్నాడు. ఆయన దృష్టిలో దమ్ము పట్టడమంటే అదే. ఆయన విద్వాంసుడైనందుకు ఇక్కడ తప్పాడు. నేను ఇంటర్ తప్పడానికి అలాంటి గొప్ప కారణమేదీ లేదు.

డాక్టరు వచ్చి చూసి, కుదరకపోతే పొట్ట మీద పట్టీ బిగించి చూస్తామన్నాడు. అదీ కుదరకపోతే ఈ పద్ధతి వదిలేయాల్సి రావచ్చన్నాడు. మామ చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నాడు. ఒక జోకు వేద్దామని వెతుక్కున్నాను. నిండుకున్నాయి.

అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్న అత్త కళ్ళు తెరవకుండానే మాట్లాడింది.

"సూడు పాపా, ఆయనకు అట్ల చెప్తే అర్థం గాదు. ముహూర్తంలో వేలు కోసరం కాసుకోని ఉంటాడే, అట్ల ఉండమని చెప్పు. అప్పుడు ముక్కు గూడా ఆడదు. పెండ్లయినప్పటి నుంచీ సూస్తా ఉండాను. నేను ఎదురుగ్గా కింద పడినా కదల్లేదు ఒగసారి."

"ఏం వేలమ్మా?" అంది ఆ అమ్మాయి.

నేను వివరించాను. ఆ అమ్మాయి చాలా శ్రద్ధగా విని, నన్ను ఒక పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, మళ్ళీ మామను లోపలికి పంపింది. మైకు నోటికి దగ్గరగా లాక్కుంది.

"పెద్దాయనా, పెండ్లికొడుకు తాళి చేతికి తీసుకున్నాడు. బాగా దమ్ము పట్టండి. అయ్యగారి వేలు సూడండి. అయ్యగారు వేలెత్తలేదు..."

తెర మీద గీత ఒక్కసారిగా చదునైంది, నేత పంచె మడతలా.

"వేలెత్తలేదు... ఇంకా ఎత్తలేదు... మంత్రం సదవతా ఉండాడు... ఎత్తలేదు... ఎత్తినాడు! గట్టిమేళం!"

లోపలినుంచి "పీం పీం పిపిపీం" అని వినపడింది. బయట కుర్చీల్లో ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒక పెద్దాయన అలవాటు కొద్దీ అక్షింతల కోసం జేబు తడుముకున్నాడు.

రేడియేషన్ జరిగిన రోజులన్నీ అంతే. ఆ అమ్మాయి రోజూ ఒక పెళ్ళి చేసింది. ఒక్కొక్క పూట ఆ పెళ్ళి చాలాసార్లు చేయాల్సి వచ్చేది. కిరణం ఒకేసారి కాదు, ముక్కలు ముక్కలుగా పడుతుంది మరి. మిగతా రోగులు అడిగేవాళ్ళు, మాకెందుకు మేళం లేదని. మామ బయటికి వచ్చేసరికి ఒళ్ళంతా చెమట పట్టి ఉండేది. కుర్చీలో కూలబడి, "ఇయ్యాల అయ్యగారు శానా సేపు పట్టినాడ్రా అల్లుడా. పిసినారి ముహూర్తం," అనేవాడు. అత్త ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసి ఇచ్చేది. ముగ్గురం ఆటోలో తిరుచానూరు వచ్చేవాళ్ళం, ఒకరి భుజం మీద ఒకరం నిద్రపోతూ. డ్రైవరు రోజూ మమ్మల్ని దర్శనం నుంచి వస్తున్నారనుకునేవాడు. మేము కాదనేవాళ్ళం కాదు, కాదనడానికి ఓపిక ఉండేది కాదు.

ఆపరేషన్ జరిగింది. దాని గురించి చెప్పడానికేమీ లేదు, మేము బయట ఉన్నాం. తర్వాత సర్జన్ వచ్చి, తీసిన గడ్డలో చాలా భాగం అప్పటికే చచ్చి ఉందని చెప్పాడు. ఊపిరితిత్తుల్లో మచ్చలు కొన్ని తగ్గాయి, ఒకటి మాత్రం తగ్గలేదు, కనిపెట్టుకుని ఉండాలన్నాడు. రెండు రోజుల తర్వాత మామకు చెప్తే, ఆయన డొక్క పట్టుకుని నవ్వాడు, నొప్పితో ఆపాడు.

"అంటే సచ్చినోడిని పట్టుకోని నరికినారా? ఇంత కోతా వానికేనా?"

"నువ్వన్న ఆ సున్నానికే గోడ సగం కూలినాది గదా మామా."

"ఆ మిగిలినోడు యాడుండాడంట?"

"కుడి ఊపిరితిత్తిలో."

"పెండ్లికి వచ్చినోళ్ళంతా పోయినాక గూడా ఒగడు ఉంటాడ్రా, రెండో పంక్తికని," అన్నాడు. వేలెత్తలేదు. నేను గమనించాను.

నాదస్వరం కొన్ని నెలలు ముట్టుకోకూడదన్నారు. కోసిన చోట బరువు పడకూడదట. మామ రోజూ దాన్ని గుడ్డసంచిలోంచి తీసి, పీకలు నీళ్ళలో తడిపి, ఎండబెట్టి, మళ్ళీ దారానికి గుచ్చి, సంచిలో పెట్టేవాడు. మా అమ్మ ఫోన్ చేసి కొండకు ఎప్పుడని అడిగేది. "దమ్ము రానీ అక్కా, ఎక్కుతా," అనేవాడు. ఫోన్ పెట్టేసి, "ఉండే దమ్ము ఒక్క ముహూర్తానికే. మెట్లకు యాడ తెచ్చేది?" అనేవాడు నాతో.

డాక్టరు సరే అన్న తర్వాత డోలాయనే ఒక పెళ్ళి మాట్లాడి పెట్టాడు. తిరుచానూరులోనే, చిన్న మండపం. మిగతా పాటలన్నీ డోలాయన కొడుకు వాయించాలి, ముహూర్తం ఒక్కటే మామ. పట్టుపంచె కట్టుకుని కూర్చున్నాడు. చొక్కా విప్పితే పక్కన కుట్ల గుర్తు కనిపిస్తుందని కండువా అటువైపు లాక్కున్నాడు. అత్త ఆడవాళ్ళ వరసలో, అందరూ పెండ్లికూతుర్ని చూస్తుంటే తాను మేళం వైపు చూస్తూ కూర్చుంది.

పెండ్లికొడుకు తాళి తీసుకున్నాడు. మామ పీక పెదవులకు పెట్టి, దమ్ము పట్టాడు. వేలికేసి చూపు నిలిపాడు. అయ్యగారు వేలు ఎత్తబోతుంటే ఫోటోగ్రాఫరు, "ఒక్క నిమిషం స్వామీ, లైటు," అన్నాడు. అయ్యగారు ఆగాడు. మామ ఆగలేడు కదా, ఆయన అప్పటికే దమ్ములోకి దిగిపోయాడు. మనిషి కదల్లేదు. రొమ్ము కదల్లేదు. అత్త పెదవులు మాత్రం కదులుతున్నాయి. దగ్గరగా ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. "వేలెత్తలేదు... ఎత్తలేదు... ఎత్తలేదు..."

వేలు లేచింది.

మేళం లేచింది. మొదటి ముడి, రెండో ముడి. రెండో ముడి దగ్గర డోలాయన ఒక కన్నుతో మామ వైపు చూశాడు, అవసరమైతే కమ్మేద్దామని. అవసరం రాలేదు. మూడో ముడి పడింది. దమ్ము తెగలేదు. మామ పీక నోట్లోంచి తీసి, కండువాతో పెదవులు తుడుచుకున్నాడు. ముఖం బూడిద రంగులో ఉంది. కళ్ళు మాత్రం, మర్యాదగా చెప్పాలంటే, పొగరుగా ఉన్నాయి.

అప్పుడు ఫోటోగ్రాఫరు, "అన్నా, ఫోకస్ రాలా. మూడో ముడి ఇంకొకసారి వేయండి. మేళం అన్నా, మీరు గూడా ఇంకొకసారి," అన్నాడు.

పెండ్లికొడుకు చేయి మళ్ళీ తాళి దగ్గరికి పోయింది. అందరూ మామ వైపు తిరిగారు. మామ నాదస్వరాన్ని గుడ్డసంచిలోకి దించి, సంచి మూతి బిగించాడు.

"ఒగ మెడకు ఒగటే గట్టిమేళం నాయనా," అన్నాడు. "ఫోకస్సు నువ్వు ఇంట్లో పెట్టుకో."

అదే ఆయన చివరి ముహూర్తం. ఇక్కడ ఆపితే బాగుండేది. కాని రెండో పంక్తికి ఆగినవాడు ఆగనే ఉన్నాడు.

వానలు వెళ్ళేసరికి కుడి ఊపిరితిత్తిలోని మచ్చ పెరిగింది, చుట్టాలను పిలుచుకుంది. మందు మార్చారు. మామ గోడను పలకరించడం మానేశాడు, గోడ దాకా పోవడం లేదు కాబట్టి. గట్టిమేళం కూడా తగ్గిపోయింది. టీవీలో ఎన్ని తుఫానులు వచ్చినా ఊరికే చూసేవాడు. మా అమ్మతో మాత్రం ఏదీ చెప్పనివ్వలేదు. ఆమె ఫోన్ వస్తే వేలెత్తేవాడు. అది మేళం కోసం కాదు, మా నోరు మూయించడం కోసం. అత్త, "బాగుండాడు వదినా, తింటా ఉండాడు," అనేది. మా అమ్మ, "మొక్కు మర్చిపోవద్దని చెప్పు," అనేది.

చివరి పూట పొద్దున్నే ఊపిరాడక ఆసుపత్రికి తీసుకుపోయాం. మధ్యాహ్నం దాకా ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని పడుకున్నాడు. నన్ను దగ్గరికి పిలిచి, మాస్కు పక్కకు లాగాడు.

"పీకలు తడిపి పెట్టొద్దు. బూజు పడతాది," అన్నాడు.

అదే ఆఖరి మాట. ఇంకేదైనా అన్నాడని రాస్తే బాగుంటుంది, కాని అనలేదు.

డాక్టరు బయటికి వచ్చి నోరు తెరిచాడు. నా చూపుడువేలు నాకు తెలియకుండానే పైకి లేచింది. ఈసారి ఏ నర్సూ దారి చూపించలేదు. డాక్టరు నా వేలు వంక చూసి, ఆ మాట పూర్తి చేయకుండా, నా చేతిని మెల్లగా కిందికి దించాడు.

మా అమ్మకు చెప్పాలి. నేను చెప్పలేనన్నాను. అత్త ఫోన్ తీసుకుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి, గొంతు కూడా మామూలుగానే ఉంది, పొద్దున్నించీ నిలబడే ఉన్న మనిషి గొంతు. పోయినాడు అనడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ ఇంట్లో ఆ మాట ఎప్పుడూ ఎవరూ అనలేదు. మామ నేర్పిన మాటే అంది.

"కొండెక్కినాడు వదినా."

ఫోన్లో మా అమ్మ గొంతు నాకు కూడా వినపడింది, సంతోషం పట్టలేని గొంతు.

"ఎక్కినాడా! నా మొక్కు తీర్చినాడు సూడు నా తమ్ముడు! ఎప్పుడు పోయినాడే? నడిచేనా, బస్సులోనా? ఎప్పుడు దిగుతాడంట?"

అత్త ఫోన్ నా చేతికిచ్చి, గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

తిరుపతి బస్టాండులో కొండకు పోయే బస్సులు విడిగా ఆగుతాయి. రానూ పోనూ టికెట్టు కలిపి ఒకేసారి ఇస్తారు.